ఆ ఆకుపచ్చ పుస్తకంలో నాకు బాగా పనికొచ్చింది చివరి పేజీలు

కోడింగ్ ఇంటర్వ్యూలకు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ప్రోగ్రాములు రాయించే ఇంటర్వ్యూలు) ఏ పుస్తకం చదవాలని అడిగితే చాలామంది ముందుగా చెప్పే పేరు, ఆకుపచ్చ అట్ట ఉన్న 'క్రాకింగ్ ద కోడింగ్ ఇంటర్వ్యూ'. ఆరో ఎడిషన్, 189 ప్రశ్నలు, జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో సమాధానాలు. ఇవన్నీ అందరికీ తెలిసినవే, మళ్లీ రాయను. రెండేళ్లకు పైగా వాడాక నాకు చెప్పాలనిపిస్తున్నది ఒక్క విషయం గురించే: పుస్తకం చివర ఉన్న హింట్స్.

అసలు అవి ఉన్నాయని తెలియడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. విశాఖ ఎంవీపీ కాలనీలో హాస్టల్లో ఉండి ప్రిపేర్ అవుతున్నప్పుడు, గాజువాకలో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయి తను చదివిన జిరాక్స్ కాపీ ఇచ్చాడు. స్పైరల్ బైండింగ్, రెండు భాగాలు. ప్రతి ప్రశ్న కింద 'హింట్స్' అని, పక్కన కొన్ని అంకెలు. మొట్టమొదటి ప్రశ్నకు #44, #117, #132. పేజీ నంబర్లు కాబోలనుకుని 44వ పేజీ తీస్తే అక్కడ ఆ ప్రశ్న ఊసే లేదు. తర్వాత ఆ అంకెలను పట్టించుకోవడం మానేశాను.

దాంతో నా చదువు ఇలా సాగింది. ప్రశ్న చదవడం, పది నిమిషాలు తల బద్దలు కొట్టుకోవడం, తట్టకపోతే సమాధానం తీయడం. చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉండేది. వారం తర్వాత అదే ప్రశ్న ముందు పెట్టుకుంటే మొదటి లైను కూడా పడేది కాదు. మధురవాడ వైపు ఓ చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో లింక్డ్ లిస్ట్‌లో (ఒకదానికొకటి గొలుసులా తగిలించిన డేటా) లూప్ ఉందో లేదో కనుక్కోమన్నారు. ఆ సమాధానం నేను రెండుసార్లు చదివాను. అయినా బోర్డు ముందు చెయ్యి ఆడలేదు. "రెండు పాయింటర్లు వేరువేరు వేగాలతో నడిస్తే ఏమవుతుంది?" అని ఇంటర్వ్యూ చేస్తున్నాయన అందించారు కూడా (పాయింటర్ అంటే ఆ గొలుసులో ఒక చోటును చూపే గుర్తు). అందించారన్న సంగతే నాకు తెలియలేదు. తప్పు పట్టుకున్నారనుకుని కంగారుపడిపోయాను.

ఆ వారమే రూమ్మేట్ దగ్గర ఒరిజినల్ చూశాను. వెనక్కి తిప్పితే వరసగా నంబర్లతో హింట్స్. అన్నయ్యకు ఫోన్ చేసి అడిగాను.

"అవా? ఖర్చు ఎక్కువైపోతందని ఆ పేజీలు ఒగ్గేమన్నానమ్మా. ఆన్సర్లు ఉన్నాయి కదా, మళ్లీ హింట్లెందుకులే అనుకున్నాను."

తప్పు పట్టలేను. సమాధానమే చేతిలో ఉంటే హింట్ ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఒరిజినల్ కొన్నాక తెలిసింది, ఈ పుస్తకం ప్రాణం అక్కడే ఉందని. ఒక ప్రశ్నకు సంబంధించిన హింట్స్ అన్నీ ఒకేచోట ఉండవు. 44 పక్కన ఉండే 45 మరో ప్రశ్నది. కాబట్టి ఒకటి చూస్తుంటే రెండోదాని మీద కన్ను పడదు. ఒక్క మెట్టు ఎక్కి, ఆగి, మళ్లీ మన బుర్రతోనే ఆలోచించాలి.

నాకు బాగా గుర్తున్నది నాలుగో అధ్యాయంలో ఒక చెట్టు (అంకెలు కొమ్మల్లా కిందికి చీలుతూ వెళ్లే అమరిక) బైనరీ సెర్చ్ ట్రీ అవునా కాదా అని తేల్చే ప్రశ్న. అంటే ప్రతి అంకెకు ఎడమ కొమ్మలో ఉన్నవన్నీ దానికన్నా చిన్నవి, కుడి కొమ్మలో ఉన్నవన్నీ పెద్దవి అయి ఉండాలి. వెంటనే కింద ఉన్న ఎడమ పిల్ల చిన్నది, కుడి పిల్ల పెద్దది అయితే చాలని రాసేశాను. ఒక హింట్ అది సరిపోదంది. కాగితం మీద గీశాను: పైన 50, దాని ఎడమన 30, ఆ 30కి కుడిపక్క 70. 30 కన్నా 70 పెద్దది, 50 కన్నా 30 చిన్నది, నా కోడ్ ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. కానీ 50కి ఎడమవైపు 70 ఉండకూడదు! మరో హింట్ ఆలోచనను తిరగేయమంది. కింది కొమ్మల నుంచి పెద్దది, చిన్నది పైకి తెచ్చుకునే బదులు, పైనుంచే హద్దులు కిందికి పంపాలన్నమాట. 30 దగ్గర నుంచి కుడికి వెళ్లేటప్పుడు '30కీ 50కీ మధ్యే ఉండాలి' అని చెప్పి పంపితే 70 అక్కడే దొరికిపోతుంది. సమాధానం తీయకుండా నేనే రాశాను, గంటన్నర పట్టింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా రాస్తాను.

తర్వాతి ఇంటర్వ్యూల్లో అవతలివాళ్లు ఒక మాట అందిస్తే, అది హింట్ అని వెంటనే పట్టుకోవడం మొదలైంది. ప్రస్తుత ఉద్యోగం అలాగే వచ్చింది.

ఏ మాటకామాట చెప్పాలి. ఈ పుస్తకం ఒక్కటీ చాలని అప్పట్లో హాస్టల్లో అందరికీ చెప్పేదాన్ని, ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఇంటర్వ్యూకంటే ముందే వచ్చే ఆన్‌లైన్ టెస్టులో అందించేవాళ్లెవరూ ఉండరు. టైమర్ తిరుగుతుంటుంది, మన కోడ్‌ని పరీక్షించే టెస్ట్ కేసులు కనపడవు. హింట్‌కి అలవాటుపడ్డ నాకు అలాంటి టెస్టులు రెండు పోయాయి. వాటికి కంప్యూటర్ మీద గడియారం పెట్టుకుని విడిగా ప్రాక్టీస్ చేయాల్సి వచ్చింది. సిస్టమ్ డిజైన్ (పెద్ద సాఫ్ట్‌వేర్‌ను ఎలా కట్టాలన్న) అధ్యాయం నాలాంటి ఫ్రెషర్‌కి సరిపోయింది గానీ, అయిదారేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు చాలదనుకుంటాను.

ఇంకొకటి, నాకు చేతిలో తొమ్మిది నెలల టైమ్ ఉంది, ఇంట్లో డబ్బు కోసం తొందరపెట్టలేదు, కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ (డేటాను అమర్చే పద్ధతులు) కాస్త వంటబట్టాయి. నెల రోజుల్లో ఉద్యోగాల డ్రైవ్ పెట్టుకుని, అర్రే అంటే ఏమిటో ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు ఇది ఇవ్వమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. పైథాన్ ఒక్కటే వచ్చినవాళ్లు కూడా జావా కోడ్ దగ్గర కొంచెం నెమ్మదిస్తారు.

ఈ మధ్య మా తమ్ముడు పుస్తకం అడిగాడు. ఆ జిరాక్స్ ఇవ్వబుద్ధి కాలేదు, ఒరిజినలే ఇచ్చాను. ఇచ్చేముందు ఒక ఆదివారమంతా కూర్చుని, ప్రశ్నల పక్కన, హింట్స్ పక్కన నేను పెన్సిల్‌తో రాసుకున్నవన్నీ రబ్బరుతో చెరిపేశాను.