పీఎఫ్ పాస్‌బుక్‌తో తొమ్మిదేళ్లు

2016 జూలైలో హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం. బేసిక్ జీతం నెలకు 12,000. పే స్లిప్పులో 1,440 కోత చూసి ఏదో పన్ను అనుకున్నాను. పక్క సీటు అన్న నవ్వి, "పీఎఫ్ రా, కంపెనీ కూడా అంతే వేస్తుంది" అన్నాడు. రిటైర్మెంట్ కోసం బేసిక్‌లో 12 శాతం దాచే భవిష్య నిధి అట. తీరా పాస్‌బుక్ తెరిస్తే కంపెనీ వాటా 440 మాత్రమే. మిగతా వెయ్యి నొక్కేశారని రెండు నెలలు లోలోపల తిట్టుకున్నాను.

ఎవరూ నొక్కలేదు. కంపెనీ ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ గడిలోకి పోతుంది. పాస్‌బుక్‌లో చివరన ఉండే ఆ గడిని ఎవరూ పట్టించుకోరు. దానికి వడ్డీ రాదు. జీతం ఎంత పెరిగినా లెక్క 15,000 మీదే, అంటే నెలకు 1,250కి మించదు. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పెన్షన్ మొదలవుతుంది. 15,000ను సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తే వచ్చేదే నెల పెన్షన్. ముప్ఫై ఐదేళ్లు చాకిరీ చేసినవాడికి, ఇరవై ఏళ్లు దాటితే కలిపే రెండేళ్ల బోనస్ వేసినా, ఎనిమిది వేలు రావు. మా ఇంటి అద్దెలో సగం కూడా కాదు.

ఇదంతా తెలియక ముందే చేయాల్సిన తప్పు చేసేశాను. 2018లో ఉద్యోగం మానేసి రెండు నెలలు ఖాళీగా ఉన్నప్పుడు కాగితం ఫారాలు నింపి మొత్తం తీసేశాను. పీఎఫ్, పెన్షన్ కలిపి డెబ్బై వేల పైచిలుకు. సెకండ్ హ్యాండ్ బండి, ఒక ఫోను, గోవా. "చీటీ పాడుకున్నట్టు పాడేశావు కదరా" అంది అమ్మ. చీటీ పాడితే తర్వాత వాయిదాలైనా కడతాం, ఇక్కడ అదీ లేదు. బండి 2021లో తుక్కుకు పోయింది. తీసేసిన డబ్బులో పీఎఫ్ వాటా నలభై తొమ్మిది వేలు అలాగే ఉంచి ఉంటే ఈపాటికి ఎనభై ఐదు వేల దాకా అయ్యేది. దానికంటే ఎక్కువ గుచ్చేది సర్వీసు. పెన్షన్ డబ్బు కూడా తీసేసరికి ఆ రెండేళ్లు లెక్కలోంచి పోయాయి. 2026కి నిండాల్సిన పదేళ్లు ఇప్పుడు 2028 నవంబరుకు నిండుతాయి.

రెండో కంపెనీ తన వాటాను 1,800 దగ్గరే ఆపేసింది. 15,000లో 12 శాతం అంతే కాబట్టి రూలు ప్రకారం తప్పు కాదు. సీటీసీలో, అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చులో, ఆ వాటా కూడా కలిపి చూపిస్తారని అక్కడే తెలిసింది. అప్పుడే వీపీఎఫ్ కింద, అంటే మన ఇష్టంతో అదనంగా వేసుకునే పీఎఫ్ కింద, నా జీతంలోంచి నెలకు ఇంకో రెండు వేలు కోయమన్నాను. దానికీ అదే వడ్డీ. 2016-17లో 8.65 శాతం ఉన్నది 2021-22లో 8.1కి దిగింది, 2023-24 నుంచి 8.25. బ్యాంకు ఎఫ్‌డీతో పోలిస్తే నాకు ఇదే మేలనిపించింది.

ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) ఖాతా కూడా ఉంది, 2021లో తెరిచాను. 75 శాతం షేర్లలో పెట్టాను. అందులో అసలు పెన్షన్ ఖాతా అయిన టైర్ 1 డబ్బు తేలిగ్గా చేతికి రాదు, నాలాంటివాడికి అదే మంచిది. నెలనెలా చూడటం మాత్రం మానేశాను, బీపీ పెరుగుతోంది.

2022లో మూడో కంపెనీకి మారాక పాత ఖాతా ట్రాన్స్‌ఫర్ పెడితే పేరు కలవలేదని తిరిగొచ్చింది. మొదటి కంపెనీ హెచ్ఆర్ నా ఇంటిపేరును ఒక్క పొడి అక్షరం చేసి ఎక్కించాడు. ఆధార్‌లో పూర్తిగా ఉంది. తెలుగువాళ్లలో ఈ బాధ పడనివాడు ఉంటాడా? తప్పు దిద్దమని నేనూ కంపెనీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్, సంతకాలు, మళ్లీ స్కాన్లు. డబ్బు కొత్త ఖాతాలోకి రావడానికి రెండు నెలలు పట్టింది. కొత్తగా చేరేవాళ్లు యూఏఎన్ (కంపెనీలు మారినా మారని పీఎఫ్ నంబరు) రాగానే పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మొన్న ప్రభుత్వ యాప్ ఉమాంగ్‌లో బ్యాలెన్స్ చూశాక ఎందుకో పీఎఫ్ పోర్టల్‌లో ఈ-నామినేషన్, అంటే నా తర్వాత డబ్బు ఎవరికో రాసే పేజీ, తెరిచాను. ఇంకా అమ్మ పేరే ఉంది. పెళ్లయ్యాక నామినేషన్ మళ్లీ చేయాలి, నాకు పెళ్లై ఏడాదిన్నర. మా ఆవిడ పక్కనే కూర్చుని చూస్తోంది. ఏమీ అనలేదు, ఆధార్ ఓటీపీ రాగానే ఫోను నా చేతికిచ్చింది.