వారం మధ్యలో రాత్రి భోజనానికి 93 శాతం లీన్ టర్కీ కీమా

అమెరికా కిరాణా దుకాణాల్లో పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ప్యాకెట్లుగా దొరికే 93 శాతం లీన్ (అంటే 7 శాతం కొవ్వు ఉన్న) టర్కీ కోడి కీమాను, ఆఫీసు నుంచి ఆలస్యంగా ఇల్లు చేరే రోజుల్లో లెట్యూస్ ఆకుల్లో చుట్టుకుని తినడానికి కొన్ని నెలలుగా వాడుతున్నాము. 99 శాతం రకం వండితే ఎండిపోతుంది కనుక, కాస్త కొవ్వు ఉన్న ఈ రకమే నాకు ఎంతో నచ్చింది. వెడల్పాటి బాణలిని బాగా వేడి చేసి, కీమాను అడుగు ఎర్రబడే వరకు కదపకుండా ఉంచి, ఆ తరువాతే విడగొట్టి అల్లం, వెల్లుల్లి, సోయా సాస్, హోయిసిన్ సాస్ (తియ్యగా, ఉప్పగా ఉండే చిక్కని చైనా సాస్) చేర్చితే పావుగంటలో కూర సిద్ధమవుతుంది. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం మాత్రం తప్పనిసరి. టర్కీకి సొంత రుచి తక్కువ కాబట్టి, మా ఇంట్లో పచ్చిమిర్చి, నిమ్మరసం కూడా పడతాయి. ఐస్‌బర్గ్ రకం లెట్యూస్ ఆకు కరకరలాడినా మడిచేటప్పుడు విరుగుతుంది. మెత్తని బటర్ లెట్యూస్ ఆకు దొప్పలా కూరను చక్కగా పట్టి ఉంచుతుంది.