ఏది మేలు: వరసలో నిలబెట్టే కరాటే క్లాసా, ఆటలాడించే క్లాసా?

నాలుగేళ్ల పిల్లాణ్ణి మార్షల్ ఆర్ట్స్ క్లాసులో చేర్చిన అమ్మానాన్నల్ని కదిపి చూడండి. ఆత్మరక్షణ కోసం అనేవాళ్లు తక్కువ. "ఒక్కచోట కుదురుగా ఉండడండీ, ఏం చెప్పినా చెవిన పడదు" అన్నదే అసలు కథ. మేమూ ఆ బాపతే. ఏడాదిలో రెండు క్లాసులు చూశాం. మారింది తెలివితో కాదు, టైము కుదరక. కానీ తేడా తెలిసింది మాత్రం ఆ మార్పు వల్లే.

మొదటిది పద్ధతైన కరాటే క్లాసు. తెల్ల యూనిఫామ్, వంగి దండం, "ఇచి, ని, సాన్" అంటూ లెక్క, ఆ లెక్కకో పంచ్. ముచ్చటగా ఉండేది, కాదనను. ఆ తర్వాత పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత ప్యాడ్ తన్నించేవారు. పిల్లలు 12 మంది, ప్యాడ్ ఒకటి. తలా 20 సెకన్లు వేసుకున్నా మళ్లీ వంతు రావడానికి దాదాపు 4 నిమిషాలు. ఆ 4 నిమిషాల్లో మా వాడు బెల్టు విప్పేవాడు, దాని కొస నోట్లో పెట్టుకుని నమిలేవాడు, ముందున్న పిల్ల జడ లాగేవాడు, చివాట్లు తినేవాడు. తీరా వంతు వచ్చాక ఏ కాలితో తన్నాలో మరిచిపోయేవాడు.

రెండోది ఆటలతో నేర్పే క్లాసు. అక్కడ మాస్టారు "హజిమే" అంటే పరుగు, "మతే" అంటే ఉన్నచోటే శిల. ఇవి జూడోలో రిఫరీ ఆట మొదలుపెట్టడానికీ, ఆపడానికీ వాడే మాటలే. మొదటిరోజు మా వాడు మతే అన్నాక కూడా నాలుగడుగులు పరిగెత్తి, గోడ అడ్డం వస్తే ఆగాడు. మూడో వారం చూస్తే ఒంటికాలి మీద నిలబడి, కింది పెదవి పంటికింద బిగబట్టి, చేతులు రెండూ చాచి ఊగిపోతున్నాడు. రెండో కాలు మాత్రం కింద పెట్టలేదు. మేం డబ్బు కట్టింది ఆ ఊగడం కోసమేనని అప్పుడనిపించింది. ఆగడమంటే ఏమిటో ఒంటికి తెలియాలి, చెబితే వచ్చేది కాదు. 10 నిమిషాల ఆటలో సుమారు 30 సార్లు ఆగాలి. అదే 10 నిమిషాల్లో వరసలో నిలబడ్డ పిల్లాడికి వచ్చేది రెండు మూడు వంతులే.

ఇది నా ఒక్కడి గమనింపు కాదు. సోవియట్ పరిశోధకురాలు మనుయిలెంకో 1948లోనే దీన్ని చూపించారు. ఊరికే కదలకుండా నిలబడమన్నప్పటి కంటే, ఆటలో కావలివాడి వేషం ఇచ్చినప్పుడు చిన్నపిల్లలు చాలా ఎక్కువసేపు కదలకుండా నిలబడ్డారు. అందుకే "అల్లరి చేయకు" అన్న మాటకు లొంగనివాడు "నువ్వు నింజావి, నడుముకు కట్టిన గంట మోగకుండా ఆ మూలకు వెళ్లు" అంటే ఊపిరి బిగబట్టి వెళతాడు.

అయితే ఏ ఆటైనా పనికొస్తుందా అంటే, రాదు. అలవాటు పడ్డాక నియమం తిరగబడాలి. ఎర్ర ప్యాడ్ కొట్టాలి, నీలం ప్యాడ్ కొట్టకూడదు. రెండు వారాలయ్యాక నీలమే కొట్టాలి. చెయ్యి తనంతట తాను లేచేలోపు బుర్ర అడ్డుపడాలి కదా, కసరత్తంతా అక్కడే. టొమినీ, మెక్లెలండ్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో ప్రీస్కూలు పిల్లలకు ఇలాంటి నియమం మారే ఆటలే ఆడించారు (తన్నులూ గుద్దులూ లేకుండానే లెండి). పిల్లలందరికీ ఒకే మేలు కనిపించలేదు. నిగ్రహంలో లాభం మొదట్లో అది తక్కువగా ఉన్నవాళ్లకే కనిపించింది.

అందుకే "ఔట్" ఆటలంటే నాకు పడదు. కదిలినవాడు ఔట్, వెళ్లి గోడవారగా కూర్చో అంటారు. మొదట ఔటయ్యేది ఎవరు? ఆగడం అందరికంటే ఎక్కువ నేర్చుకోవలసినవాడే. మిగతావాళ్లు ఆడుతుంటే వాడు మళ్లీ బెల్టు నములుతూ కూర్చుంటాడు.

పద్ధతైన క్లాసును తీసిపారేయడానికీ లేదు. లేక్స్, హోయ్ట్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో బడిలో టైక్వాండో నేర్చిన పిల్లలు మామూలు వ్యాయామ పీరియడ్ పిల్లలకంటే నిగ్రహంలో ముందున్నారు. కానీ వాళ్లు కిండర్‌గార్టెన్ (అమెరికాలో అది అయిదేళ్లకు మొదలు) నుంచి అయిదో తరగతి దాకా చదివేవాళ్లు, మూడు నాలుగేళ్ల పిల్లలు కారు. పైగా అక్కడ నేర్పింది తన్నడమొక్కటే కాదు. "నేనెక్కడున్నాను? ఏం చేస్తున్నాను? ఏం చేయాలి?" అని తమను తామే ప్రశ్నించుకోవడం కూడా నేర్పారు. ఆరేడేళ్లు వచ్చాక వరస క్లాసు మేలంటే నేనూ ఒప్పుకుంటాను. అంతకుముందైతే అందులోంచి వంగి దండం పెట్టడం ఒక్కటి తెచ్చుకుంటే చాలు. ఆట ఇక్కడ మొదలు, ఇక్కడ ఆఖరు అని పిల్లలకు గీత గీసినట్టు తెలుస్తుంది.

కరాటేనా, జూడోనా అన్నదానికి నా ఓటు ఈ వయసులో జూడో తరహా ఆటలకే. మొదట నేర్పేది దెబ్బ తగలకుండా పడటం. పడి లేచే పిల్లాడికి ఏడుపు తగ్గుతుంది. తర్వాత పట్టు. ఎదుటివాణ్ణి చాప మీద అదిమి పట్టుకోవాలి, వాడు రెండుసార్లు తట్టగానే వదిలేయాలి. గెలుస్తున్న ఊపులో చెయ్యి వదలడం పెద్దవాళ్లకే కష్టం. కరాటేలో దీనికి దీటైన ఆట ఒకటుంది: వేలాడదీసిన కాగితాన్ని తాకకుండా, బెత్తెడు దూరంలో పిడికిలి ఆపడం. మంచిదే. కాకపోతే కాగితానికి నొప్పి పుట్టదు.

బెల్టుల సంగతి వదిలేయండి. ఈ వయసులో రంగు మారిన ఆనందం పెద్దవాళ్లదే. తలకు దెబ్బ తగిలే పోటీలు పెట్టే చోటైతే మాత్రం వెనక్కి వచ్చేయండి. దెబ్బలు తగలని రకాలే పిల్లలకు మంచివని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది.

ట్రయల్ క్లాసుకు వెళ్లినప్పుడు గోడమీది బెల్టులూ కప్పులూ చూడకండి. మీ పిల్ల ఖాళీగా నిలబడ్డ నిమిషాలు లెక్కపెట్టండి. సగం క్లాసు దాటితే అది ఆమె వయసుకు తగ్గది కాదు. దగ్గర్లో ఆటల క్లాసు లేకపోయినా ఫరవాలేదు, హజిమే, మతే ఇంట్లో రోజుకు 5 నిమిషాలు ఆడించవచ్చు. షరతల్లా ఒకటే, ఆజ్ఞ ఇచ్చే వంతు పిల్లలకూ రావాలి. మా వాడు ఆ వంతును గట్టిగానే వాడుకుంటున్నాడు. నిన్న తడిబట్టల బకెట్ మోసుకుంటూ మెట్లెక్కుతుంటే వెనకనుంచి "మతే!" అన్నాడు. ఒక కాలు పై మెట్టు మీద, ఒకటి కింద, చేతిలో బకెట్. వాడు నింపాదిగా పది దాకా లెక్కపెట్టాడు, మధ్యలో ఏడు మరిచిపోయి మళ్లీ ఒకటి నుంచి.