మా 2003 టకోమా ముందు సస్పెన్షన్, స్టీరింగ్ పని: చవక జాయింట్లు 14 నెలలు, ఒరిజినల్‌వి ఐదేళ్లు

మా బండి 2003 టయోటా టకోమా, వీ6 ఇంజన్, ఫోర్ బై ఫోర్. 2014లో 1,12,000 మైళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ కొన్నా, ఇప్పుడు 2,19,000 దాటింది. మేముండేది ఒహాయోలో కొలంబస్ పక్కన, చలికాలం వచ్చిందంటే రోడ్డంతా ఉప్పే. ఆఫీసుకి వేరే కారుంది, ఇది పెరట్లో గోంగూరకీ దొండపాదుకీ మట్టీ ఎరువూ తేవడానికి, ఉగాదికి గుడికి టేబుళ్లు, వంటగిన్నెలు మోయడానికి, మనవాళ్లు ఎవరైనా ఇల్లు మారుతుంటే సోఫాలు ఎక్కించడానికి. పికప్ ఉందని తెలిస్తే శనివారాలన్నీ ఎవరో ఒకరికి పని పడుతూనే ఉంటుంది, నాకు అది ఇష్టమే.

ముందు సస్పెన్షన్, స్టీరింగ్ పని రెండుసార్లు చేశా, 2019లో ఒకసారి, 2020 చివర్లో మళ్లీ. రెండోసారి చేశాక ఇప్పటికి 52,000 మైళ్లు తిరిగింది కాబట్టి ఏ పార్టు నిలబడింది, ఏది నిలబడలేదు అనేది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మొదట తెలిసింది స్టీరింగ్‌లో. హైవే మీద 65లో పోతుంటే బండి తిన్నగా పోకుండా కాస్త అటు కాస్త ఇటు తిరిగేది, చేత్తో సరిచేస్తూనే ఉండాలి, నేనేమో టైర్లు పాతవి కదా అనుకున్నా. తర్వాత స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు కుడి పక్క టక్ మని ఒక్క చప్పుడు. ముందు కుడి టైరు లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగిపోయింది. అప్పటికీ వచ్చే నెల చూద్దాంలే అని లాగించా. ఒక ఆదివారం సామాన్ల షాపు పార్కింగ్‌లో అచ్చం మా బండి లాంటిదే ఒకటి ముందు ఎడమ చక్రం విరిగిన కాలులా పక్కకి మడతపడి నేల మీద కూలబడి ఉంది. ఆ బండాయన రివర్స్ చేస్తూ స్టీరింగ్ తిప్పాడట అంతే, కింది బాల్ జాయింట్, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కి పట్టి ఉంచే గుండూ సాకెట్టూ ఉన్న కీలు, ఊడి వచ్చేసింది. బ్రేక్ హోస్ కూడా తెగింది. నడిచే స్పీడ్‌లో అయింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఇంటికి 30లో నడుపుకుంటూ వచ్చా.

ఈ మోడల్ ఉన్నవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. కొన్ని బళ్లలో బరువు బాల్ జాయింట్ మీద కూర్చుంటుంది, అరిగినా గుండు సాకెట్‌లోకే నొక్కుకుంటుంది. 1995 నుంచి 2004 దాకా వచ్చిన టకోమాల్లో ఫోర్ బై ఫోర్‌కి అలా కాదు, జాయింట్ బాడీ నాలుగు బోల్టులతో పైన నకిల్‌కి (చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ) ఉంటుంది, దాని కాడ కిందకి దిగి లోయర్ ఆర్మ్‌లోకి (ఫ్రేమ్ నుంచి చక్రం దాకా వచ్చే కింది చేయి) పోతుంది, స్ప్రింగు ఏమో ఆ ఆర్మ్‌ని కిందకి తోస్తుంటుంది. అంటే బరువంతా ఉట్టికి కుండ వేలాడినట్టు ఆ జాయింట్‌కి వేలాడుతుంది. ఉట్టి తాడు అరిగితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. 2005లో టయోటా 2001 నుంచి 2004 టకోమాలని, వాటితో పాటు అదే కాలం ఫోర్‌రన్నర్, టండ్రా, సెకోయా బళ్లు కొన్నింటిని ఈ కింది బాల్ జాయింట్ల కోసమే రీకాల్ చేసింది. మా బండికి పాత ఓనరు అప్పుడే మార్పించాడు, కాగితం గ్లవ్‌బాక్స్‌లో ఉంది. ఆ కాగితం చూసుకునే నేను ఇన్నేళ్లు నిశ్చింతగా ఉన్నా, కానీ అప్పటికే పద్నాలుగేళ్లయింది, రబ్బరు బూటు చిరిగి లోపల గ్రీజు బదులు ఉప్పునీళ్లు ఉన్నాయి.

2019లో మొదటిసారి ఆన్‌లైన్‌లో ఫుల్ కిట్ తెప్పించా. పై బాల్ జాయింట్లు, కిందివి, స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే టై రాడ్ ఎండ్లు లోపలివి బయటివి, అన్నీ ఒకే డబ్బాలో వచ్చాయి, ఆ డబ్బా మొత్తానికి పెట్టిన డబ్బుతో డీలర్ దగ్గర కింది జాయింట్ ఒక్కటి కూడా రాదు. పేరు చెప్పను, పేరుతో పనేం లేదు, అలాంటి డబ్బాలు చాలానే దొరుకుతాయి. బిగించాక మొదటి ఆరు నెలలు కొత్త బండిలా ఉంది నిజంగా. పద్నాలుగు నెలలకి మళ్లీ టక్ మొదలైంది, 9,000 మైళ్లే తిరిగింది అప్పటికి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల ముందు యాక్సిల్ పని చేశాడు. ఫోన్‌లో వీడియో పెట్టి చూపించా. "ఒరేయ్ నాన్నా, ముందు జాకీ మీద ఉన్న బండి కిందకి దూరకు, ఫ్రేమ్‌కి స్టాండ్లు పెట్టు, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. స్టాండ్లు పెట్టాక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమన్నాడు, ఊగింది. ఆ ఊపునే ఆట అంటారు, అది బేరింగ్ ఆటా జాయింట్ ఆటా ఎలా తెలుస్తుంది అంటే మీ ఆవిడని బ్రేక్ తొక్కి పట్టుకోమను, అప్పుడు ఊపు, ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే జాయింట్ అన్నాడు. ఆగలేదు. టైరు కింద గడ్డపార పెట్టి లేపితే ఆర్మ్‌కీ నకిల్‌కీ మధ్య గ్యాప్ తెరుచుకోవడం కంటికి కనిపించింది. "లారీకి కింగ్ పిన్ ఎట్లాగో నీ బండికి ఇది అట్లాగ, దీంట్లో పిసినారితనం చెయ్యకు" అని ఒక్క ముక్క అన్నాడు (కింగ్ పిన్ అంటే లారీ ముందు చక్రం దాని మీద తిరిగే లావు పిన్), ఆ తర్వాత పని అయిందాకా రోజూ ఫోన్ చేశాడు.

రెండోసారి కింది బాల్ జాయింట్లు రెండూ టయోటా ఒరిజినల్, వాటి ఎనిమిది బోల్టులు కూడా కొత్తవి డీలర్ దగ్గరే తీసుకున్నా. బోల్టులు ఎందుకు కొత్తవి అంటారేమో, ఆ బండిని వేలాడదీసేది అవే కదా, ఒకసారి సాగిన బోల్టు మళ్లీ ఎంత బిగించినా నమ్మలేం. పాత మర శుభ్రం చేసి, లాక్ జిగురు వేసి, టార్క్ రెంచ్‌తో 59 ఫుట్ పౌండ్లు అంటే 80 న్యూటన్ మీటర్లు. కింద ఆర్మ్ దగ్గర కిరీటం నట్టు 103 ఫుట్ పౌండ్లు, దానికి కొత్త స్ప్లిట్ పిన్. పిన్ కన్నం కుదరకపోతే నట్టు వెనక్కి తిప్పకూడదు, ఇంకాస్త ముందుకే బిగించి కుదర్చాలి. ఈ బండికి టై రాడ్ ఎండ్ కూడా కింది జాయింట్ బాడీకే తగులుకుని ఉంటుంది, అందుకని జాయింట్ మారిస్తే స్టీరింగ్‌నీ కదపక తప్పదు, రెండూ ఒకేసారి చేసుకోవడమే మేలు.

టై రాడ్ ఊడదియ్యడానికి అందరూ చీలిక పలుగు లాంటిది ఒకటి దూర్చి సుత్తితో కొడతారు, దాంతో రబ్బరు బూటు చిరుగుతుంది. మారుస్తున్న పార్టు అయితే ఫర్వాలేదు, మళ్లీ వాడాలంటే మాత్రం వద్దు. నాన్న చెప్పిన పద్ధతి రెండు సుత్తులు. నట్టు రెండు మరలు మిగిల్చి వదులు చేసి, కాడ దిగిన కన్నం చుట్టూ ఉన్న ఇనుముకి ఒక పక్క బరువు సుత్తి ఆన్చి పెట్టి రెండో పక్క నుంచి ఇంకో సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు. మూడో దెబ్బకి టప్‌మని ఊడింది, బూటు చెక్కుచెదరలేదు. నాన్న ఫోన్‌లో ఆ చప్పుడు విని "ఆ, వచ్చింది" అన్నాడు.

నాకు రెండు శనివారాలు తినేసింది మాత్రం లోయర్ ఆర్మ్ క్యామ్ బోల్టులు. అలైన్‌మెంట్ తిప్పేది వాటితోనే, ఒక్కో ఆర్మ్‌కి రెండుంటాయి, ఉప్పు రోడ్లలో తిరిగిన బండికి ఆ బోల్టు బుష్ (ఆర్మ్ ఫ్రేమ్‌కి కలిసే చోటి రబ్బరు తొడుగు) లోపలి గొట్టంతో తుప్పు పట్టి ఒకటైపోతుంది. తలకాయ తిరుగుతున్నట్టే ఉంటుంది, నిజానికి రబ్బరు మెలి తిరిగి వెనక్కొస్తోంది అంతే. మూడు రోజులు నూనె కొట్టి నానబెట్టా, వేడి చేశా, ఎడమవి రెండూ వచ్చాయి, కుడివి రాలేదు, చివరికి కరెంటు రంపంతో బుష్‌కి రెండు పక్కలా కోసి ఆర్మ్‌తో సహా తీసి, ఆ పక్కకి కొత్త ఆర్మ్, కొత్త క్యామ్‌లు వేశా. విప్పే ముందే క్యామ్ ఏ గీత దగ్గరుందో తెల్ల పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి, కొత్త బోల్టులకి మొత్తం గ్రీజు పట్టించండి. ఇంకోటి, ఆర్మ్ బుష్‌ల బోల్టులు బండి గాల్లో ఉండగా ఫైనల్‌గా బిగించకూడదు. చక్రాలు నేల మీద పెట్టి బరువు పడ్డాక బిగించాలి, లేకపోతే బండి దిగగానే రబ్బరు మెలిపడి ఆ మెలి మీదే ఉండి తొందరగా చిరుగుతుంది.

స్టీరింగ్‌లో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ తేడా తెచ్చింది ర్యాక్ బుష్‌లు. ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పితే టై రాడ్లని అటూ ఇటూ తోసే పళ్ల కడ్డీ. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఒకళ్లు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే కింద నుంచి చూస్తే, మా బండికి ర్యాక్ మొత్తం తన క్లాంపుల్లో పక్కకి జరుగుతోంది, ముందు ర్యాక్ జరిగాక గానీ చక్రం కదిలేది కాదు. పాత రబ్బరు పీకి పాలీయురెథేన్‌వి వేశా. హైవే మీద బండి తిరుగుడు తొంభై శాతం అక్కడే పోయింది. నష్టం ఏంటంటే రోడ్డు మీది అదురు చేతికి కాస్త ఎక్కువ తెలుస్తుంది, బాగా చలిగా ఉన్న పొద్దున్నే పార్కింగ్‌లో పూర్తిగా తిప్పితే కీచుమంటుంది. మూడో చలికాలం తర్వాత ఒకసారి విప్పి సిలికాన్ గ్రీజు పెడితే ఆ కీచు పోయింది. మళ్లీ చేయాల్సి వచ్చినా ఇవే వేస్తా.

టై రాడ్లు లోపలివి బయటివి జపాన్ త్రిబుల్ ఫైవ్ (555) బ్రాండువి వేశా, బాగున్నాయి. షాక్‌లు మామూలువే, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పై బాల్ జాయింట్లని నకిల్‌లోకి ప్రెస్ మీద దిగగొట్టాలి, నా దగ్గర ప్రెస్ లేదు, నకిల్ విప్పి షాపుకి తీసుకెళ్లి చేయించుకున్నా. టోని, అంటే ముందు చక్రాలు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయనే కొలతని, ఇంట్లోనే దారం కట్టి దాదాపుగా సరిచేసి, మెల్లగా అలైన్‌మెంట్ షాపుకి పోయా, 110 డాలర్లు తీసుకున్నారు, క్యామ్‌లు సులువుగా తిరుగుతుండటం చూసి అక్కడి ముసలాయన చాలా సంతోషించాడు.

ఇంత డబ్బు పెట్టే ముందు ఫ్రేమ్ చూసుకోండి దయచేసి. 1995 నుంచి 2000 టకోమాల ఫ్రేమ్ తుప్పుకి 2008లో టయోటా వారంటీని పదిహేనేళ్లకి పొడిగించాల్సి వచ్చింది, ఆ తర్వాతి బళ్లకీ ఉప్పు ఉప్పే. సుత్తి పట్టుకుని ఫ్రేమ్ పొడవునా కొట్టుకుంటూ పోండి, ఖంగుమంటే మంచిదే, డబ్‌మని మెత్తగా పలికితే, రేకులు రాలితే, కొత్త బాల్ జాయింట్ల మాట తర్వాత.

ఐదేళ్ల తర్వాత లెక్క ఇది: కింది జాయింట్లలో ఆట సున్నా, బూట్లు నలిగాయి గానీ చిరగలేదు, ముందు టైర్లు రెండూ సమానంగా అరుగుతున్నాయి, కుడి పక్క చప్పుడు మళ్లీ రాలేదు. అయినా ఆయిల్ మార్చిన ప్రతిసారీ చక్రాలు లేపి గడ్డపారతో చూస్తూనే ఉన్నా. 1,00,000 మైళ్లు తిరిగినా, పదేళ్లు నిండినా, ఏది ముందొస్తే అప్పుడు అవి బాగానే ఉన్నా సరే మార్చేస్తా. పోయిన నెల చూసినప్పుడు కుడి బయటి టై రాడ్ బూటు మీద సన్న పగులు కనిపించింది, పార్టు తెప్పించి గ్యారేజీలో పెట్టా, మంచు పడేలోపు వేసేయాలి. నాన్నకి చెప్తే రెండో సుత్తి ఎక్కడ పెట్టావో ముందు వెతుక్కో అన్నాడు.