సొంత కణాలా, దాత కణాలా?

పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు కార్-టి చికిత్సలో రెండు దారులున్నాయి. బిడ్డ రక్తంలోంచే టి-కణాలు అనే రోగనిరోధక కణాలను తీసి, క్యాన్సర్ కణాల మీదుండే సీడీ19 అనే గుర్తును పసిగట్టేలా ల్యాబ్‌లో మార్చి, మళ్లీ ఎక్కించడం మొదటిది. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన కిమ్రియా ఈ రకమే. కానీ తయారీకి వారాలు పడుతుంది. జబ్బు అన్నాళ్లు ఆగదుగా!

రెండోది, ఆరోగ్యంగా ఉన్న దాత కణాలను ముందే సిద్ధం చేసి ఉంచడం. టి-కణాలకే వచ్చే బ్లడ్ క్యాన్సర్‌లో (టి-కణాల లుకేమియా) ఒక చిక్కుంది: క్యాన్సర్ కణం మీదా, దాన్ని చంపాల్సిన కణం మీదా సీడీ7 గుర్తు ఉంటుంది. వదిలేస్తే సైనికులు వాళ్లలో వాళ్లే కొట్టుకు చస్తారు. అందుకే లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో 2022లో వాడిన దాత కణాల్లో, జన్యువులో అక్షరం మార్చి ఆ గుర్తునే చెరిపేశారు. నాకు ఇందులోనే ఎక్కువ ఆశ కనిపిస్తోంది. కాకపోతే, ఆ తర్వాత మూలుగ మార్పిడి కూడా చేయాల్సి వస్తోంది.