వరద కిట్లలో అమ్మే లైఫ్ జాకెట్లతో జాగ్రత్త! బెజవాడ వాళ్లు తప్పకుండా చదవండి

సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట, జక్కంపూడి వైపు ఉండేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. వానలు మొదలయ్యాయంటే చాలు, "72 గంటల ఎమర్జెన్సీ కిట్" అంటూ ఫోన్‌లో ప్రకటనలు వస్తున్నాయి. వన్‌టౌన్‌లో ఒక షాపు నుంచి మేం కూడా ఒకటి తెప్పించుకున్నాం. అందులోని వస్తువులు నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకెవరూ కొనకూడదనే ఇదంతా రాస్తున్నాను.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి ఇళ్లల్లోకి వచ్చినప్పుడు ఎలా ఉందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు పోయింది, ఫోన్లు ఆఫ్ అయిపోయాయి, చుట్టూ నీళ్లే గానీ తాగడానికి గుక్కెడు లేవు. డ్రోన్లతో భోజనం పొట్లాలు అందించాల్సి వచ్చింది. ఆ తర్వాతే చాలా ఇళ్లల్లో ఒక బ్యాగు సర్ది పెట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. ఆ భయాన్నే ఈ కిట్లు అమ్మేవాళ్లు సొమ్ము చేసుకుంటున్నారు.

కిట్ ధర 3,499 రూపాయలు. పెద్దవాళ్లకొకటి, పిల్లలకొకటి లైఫ్ జాకెట్లు, పవర్ బ్యాంక్, టార్చి, నీళ్లు శుద్ధి చేసే బిళ్లలు, విజిల్. విజిల్, టార్చి ఫరవాలేదు. మిగతావే ఘోరం.

మా ఆయన ఆ రెండు జాకెట్లనీ డాబా మీద నీళ్ల డ్రమ్ములో వేసి, పైన ఇటుకలు పెట్టి రాత్రంతా ఉంచారు. పొద్దున్నే తీయబోతే తడిసిన బొంతలా బరువెక్కి ఉన్నాయి. కుట్లు విప్పాం. లోపల పరుపులు కుట్టేచోట మిగిలిపోయే స్పాంజి ముక్కలు, పసుపువీ గులాబీ రంగువీ, కలిపి కుక్కేశారు. మధ్యలో టీవీ అట్టపెట్టెల్లో వచ్చే థర్మోకోల్, అది కూడా అప్పటికే విరిగిపోయింది. అసలైన జాకెట్‌లో నీళ్లు పీల్చని ఫోమ్ ఉంటుంది, ముంచి తీసి పిండినా నీళ్లు కారవు.

జాకెట్ కొనేటప్పుడు లోపలి లేబుల్ చూడండి. తేలే శక్తిని న్యూటన్లలో రాస్తారు. 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకి ఊతం మాత్రమే. ఈత రానివాళ్లకి కనీసం 100 ఉండాలి, తల వెనక కాలర్ ఉండాలి. ఎంత బరువున్న మనిషికో కూడా రాసి ఉండాలి. పిల్లల జాకెట్‌కి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ముఖ్యం. అది లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి, పిల్లాడు కిందికి జారిపోతారు. మాకొచ్చినదానికి పట్టీ లేదు, లేబుల్ లేదు, "ఫ్రీ సైజ్" అని ఒక స్టిక్కర్ మాత్రం ఉంది. పిల్లల ప్రాణాలకి ఫ్రీ సైజ్ ఏమిటండీ!

పవర్ బ్యాంక్ మీద 50,000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జింగ్ నిల్వ ఉంటుందో చెప్పే లెక్క) అని ఉంది. మా ఫోన్ ఒక్కసారి కూడా ఫుల్ కాలేదు. తెలిసిన మెకానిక్‌తో విప్పిస్తే రెండే రెండు గుండ్రటి సెల్లులు, పక్కన బరువు కోసం అతికించిన ఇనుప ముక్క. ఆ సైజు సెల్లు ఎంత మంచిదైనా 3,500కి అటూఇటూ ఇస్తుంది, అంతే. రెండు సెల్లుల్లో 50,000 ఎక్కడి నుంచి వస్తుంది? పైన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే ముట్టుకోకండి.

బిళ్లల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ దగ్గర కొత్త స్టిక్కర్ అంటించారు. గోటితో గీకితే పాత తేదీ బయటపడింది, ఎప్పుడో దాటిపోయింది. మంచి క్లోరిన్ బిళ్లలైనా నీళ్లు పటికతో తేర్చి, గుడ్డలో వడగట్టాకే వేయాలి. అరగంట ఆగాలి. అయినా పెట్రోలు, రసాయనాలు కలిసిన వరద నీళ్లకి బిళ్లలూ పనిచేయవు, మరిగించినా లాభం లేదు. అందుకే హెచ్చరిక రాగానే మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన మంచినీళ్లు పట్టి పైఅంతస్తులో పెట్టుకోవడమే నయం.

షాపుకి వెళ్లి అడిగితే షాపాయన అన్న మాట ఇది: "ఎప్పుడో వరదొస్తే కదమ్మా వాడేది, ఇప్పుడెందుకు విప్పారు?" డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు. మేం 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు కొనుగోళ్లకి అక్కడ ఫీజు కూడా లేదు.

ఇదే కిట్ మీ ఇంట్లో ఉంటే ఈరోజే జాకెట్లు నీళ్లలో వేసి చూడండి. బిల్లు, ప్యాకెట్ మీది అడ్రసు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఫిర్యాదు తేలేదాకా జాకెట్లు పారేయకండి. పారేసేటప్పుడు బెల్టులు కోసేసి మరీ పారేయండి, లేకపోతే చెత్తలోంచి తీసుకుని ఎవరో ఒకరు తమ పిల్లలకి తొడుగుతారు.