నిప్పుకోడి తోలు బ్యాగుకు బూజు పడితే

మా వదిన దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన నిప్పుకోడి తోలు బ్యాగు నాది. ఈకలు పీకిన చోట బుడిపెలుంటాయి, దాని అందమే అది. వానాకాలమంతా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టాను. దసరాకు తీస్తే తెల్లటి బూజు!

మొదట చూపించిన చోట బూట్ పాలిష్ కొడతామన్నారు. బ్యాగేమో తేనె రంగుది. దండం పెట్టి వచ్చేశాను.

హనుమకొండ చౌరస్తా దగ్గరి సందులో ఓ పెద్దాయన కొట్టుంది. ఆయన ఎండలో పెట్టనే లేదు. నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో బూజు దులిపారు. రంగులేని క్రీము ముందు అడుగున ఓ మూల రాసి చూసి, ఆ తర్వాతే మిగతాదంతా రాశారు. "ప్లాస్టిక్‌ల తోలుకు గాలాడదు బిడ్డా, నూలు సంచిల పెట్టు" అన్నారు. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటితే తోలు ఎండి బిగుసుకుపోతుంది, క్రీము పని అప్పుడు. వానల్లో మాత్రం బ్యాగులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయమన్నారు.

350 రూపాయలు తీసుకున్నారు. రెండు రోజులని చెప్పి నాలుగు రోజులు తిప్పారు, ఫోనూ ఎత్తరు. పిడి మీది నల్ల మరక పోలేదు. అది ఆయన తప్పు కాదులెండి, నా చేతి చెమట, తలనూనె పుణ్యం.